గిలకలదిండి నుంచి తెచ్చిన చారల చేప

ఆ చేపను నడుములోతు సముద్రంలోకి దిగి, అలలతో పెనుగులాడి, ఒంటిచేత్తో పట్టాను. బందరులో అడిగినవాళ్లందరికీ ఇలాగే చెప్పాను. నిజానికి గిలకలదిండిలో పడవ మీంచి దించిన సరుకులో, విడిగా అమ్మడానికి చాలని చిన్నచేపల గుట్ట పక్కన, ఒక బకెట్లో ఇంకా కొట్టుకుంటుంటే అడిగి తెచ్చుకున్నాను. నా లుంగీ తడిసింది బకెట్ ఒలికి.

బొటనవేలంత ఉంది. వెండి ఒంటిమీద మూడు నల్లచారలు. మా హాల్లో ఉన్న ఉప్పునీటి తొట్టి మా ఆవిడది. అందులో చందువా పిల్లలా పలచగా మెరిసే చేప ఒకటి ఆమె వేలికొస నుంచి రొయ్యముక్క అందుకుంటుంది. గుడివాడ నుంచి చుట్టాలొస్తే మంచినీళ్లకన్నా ముందు దాన్ని చూపిస్తుంది.

"ఇదేం చేపో మీకు తెలుసా?" అని అడిగింది.

"తెలియకపోవడమేంటి, చిన్నప్పట్నుంచీ తింటున్నా. పరమ సాధువు."

కంచంలో సాధువుగానే ఉండేది మరి. చేపను తెచ్చిన ప్లాస్టిక్ కవరును కాసేపు తొట్టిలో తేలనిచ్చి, దాన్ని వదిలాను.

కాఫీ తాగి వచ్చేసరికి ఆమె చేప తొట్టిలోని రాతి వెనక మూలకు అతుక్కుపోయి ఉంది. తోక అంచు చిరిగింది. ఒంటిమీద ఒకచోట మెరుపు పోయింది. నీళ్లలో సన్నటి తళుకులు తేలుతున్నాయి. మేం చూస్తుండగానే కొత్తది దూసుకెళ్లి దాన్ని మళ్లీ పొడిచి వచ్చింది. అలవాటు పడతాయిలే అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా వినిపించలేదు.

ఆమె స్టూలెక్కి పైనుంచి చూసింది. పక్కనుంచి గీతల్లా కనిపించిన చారలు పైనుంచి విల్లులా వంగి ఉన్నాయి.

"దీన్ని నేను ఎన్నోసార్లు కోశానండీ. పొట్ట చీలిస్తే వేరే చేపల పొలుసులే. మీరు తినడమే గాని, ఎప్పుడైనా కోశారా?"

వల ముంచితే ఆమె చేప బెదిరి అద్దానికి తల కొట్టుకుంది. వల వద్దంది. మగ్గులతో నీళ్లు తోడటం మొదలుపెట్టాం. నీళ్లు తగ్గేకొద్దీ రెండు చేపలూ దగ్గరవుతున్నాయి. రాయి కదిపితే ఆమె చేపమీదే పడుతుందేమోనని భయం. చివరికి చారలదాన్ని రాతిసందులో గుప్పిట పట్టాను. చెంపదగ్గరి ముల్లు అరచేతిలో దిగింది. రక్తం ధారగా కారింది. ధారంటే, చుక్క. అరిచింది మాత్రం ధారకు తగ్గట్టే అరిచాను.

దాన్ని బకెట్లో వేసి, తోడిన నీళ్లు మెల్లగా తిరిగి పోశాం. ఆమె రొయ్యముక్కను వేలికొసన పట్టి నీళ్లలో ఉంచింది. చేప రాలేదు. వెలుగు తగ్గుతున్నా ఆమె స్టూలు దిగలేదు. లైటు వేస్తే బెదురుతుందని నేనూ కదల్లేదు. చాలాసేపటికి రాతి వెనకనుంచి వంకరగా ఈదుతూ వచ్చింది. ముక్కను ఒకసారి జారవిడిచి, మళ్లీ అందుకుంది.

ఆమె చెయ్యి తుడుచుకుంది.

"రేపట్నుంచి చేపలు మీరే కోయండి."

చారలదాన్ని మర్నాడు రేవులో వదిలేశాను. అప్పట్నుంచి పెరట్లో కత్తిపీట ముందు కూర్చునేది నేనే. పొట్ట చీల్చి, లోపలేముందో ఆమెకు చూపిస్తాను. అది ఏం చేపో ఆమె చెబుతుంది.