మధ్యాహ్నం ఆ మెయిల్ నొక్కింది నేనే

ఆరేళ్ళుగా ఒక తప్పు మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా గొప్పలు చెప్పుకోవడమే. మోసింది ఇంకో ఆడమనిషి. నేను పక్కన నడిచాను, చేతులూపుకుంటూ. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ముసలిదని జాలిపడేటట్టయితే ఇక్కడే ఆపేయండి. జాలి కోసం రాయడం లేదు.

నేను మూడో తరగతి దాకా చదివాను. తెలుగు కూడబలుక్కుని చదువుతాను, రాస్తాను. ఇంగ్లీషు రాదు. ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతుంటే నా ఒళ్ళు మండుతుంది. సబ్బు అరిగిపోతే ఆ ముక్కను కొత్త సబ్బుకు అంటిస్తాను. ఇంట్లో అందరికీ నేనంటే భయం. ఆ భయం నాకు ఇష్టం కూడా.

మాది అల్లూరు. మా అబ్బాయి ఇంటి ముందు గదుల్లో ల్యాబు నడుపుతాడు. రొయ్యల గుంటల రైతులు పొద్దున్నే సీసాల్లో నీళ్ళు తెస్తారు. ఆ నీళ్ళలో ఉప్పెంత, అమోనియా ఎంత అని పరీక్ష చేసి రిపోర్టు ఇవ్వాలి. పోయిన వారం ఎంత ఉంది, ఈ వారం ఎంత పెరిగింది అనేది చూస్తేనే గుంటలో ఏం వెయ్యాలో తేలుతుంది. పాత రిపోర్టులన్నీ కంప్యూటర్లో ఉండేవి.

ఆ పరీక్షలు చేసేది షమీమ్. బీయస్సీ చదివింది. అప్పటికి ముప్పై దాటి ఉంటాయి. భర్తకు నడుం దెబ్బతిని పని మానేశాడు. ఇల్లు ఆమె జీతం మీదే నడిచేది. ఇది నాకు ముందే తెలుసు. తెలియక చేశాను అనడానికి లేదు.

ఆమె అంటే నాకు మొదటి రోజు నుంచీ పడదు. పని చెయ్యదని కాదు, బాగా చేస్తుందని. రైతులు వచ్చేవాళ్ళు. వాకిట్లో కూర్చున్న నన్ను దాటుకుని, "షమీమక్క ఉందా" అని లోపలికి పోయేవాళ్ళు. నా ఇంట్లో, నా వాకిట్లో. మా అబ్బాయి కూడా ఆమెను అడగకుండా ఒక సీసా మందు కొనేవాడు కాదు. పైగా ఆమె కంప్యూటరుకు ఒక కాగితం అంటించింది. "అప్‌డేట్ చెయ్యమని మెయిల్ వస్తే ఎవరూ తెరవద్దు. నన్ను పిలవండి." ఎవరూ అంటే ఎవరు? ల్యాబులో ఉండేది ముగ్గురం. నా కోసమే అంత పెద్ద అక్షరాలతో, తెలుగులో రాసింది. దాన్ని మర్యాద అనుకోవచ్చు. నేను అవమానం అనుకున్నాను.

ఆ కంప్యూటరు పక్కన ఒక నల్లటి చిన్న పెట్టె ఉండేది. రోజూ మధ్యాహ్నం రిపోర్టులన్నీ దానిలోకి నకలు అవుతాయని షమీమ్ చెప్పింది. విన్నాను. కాని నాకు కనపడింది ఒక్కటే, ఎవరూ లేని గదిలో మిణుకు మిణుకుమంటున్న నీలం దీపం. ఆ వేళకు ఆమె భోజనానికి ఇంటికి పోయేది, మా అబ్బాయి కునుకు తీసేవాడు, ల్యాబుకు నేను కాపలా. ఊరికే కరెంటు ఎందుకని వైరు పీకేసేదాన్ని. ఆమె వచ్చే ముందు మళ్ళీ పెట్టేదాన్ని. రెండు నెలలు అట్లాగే చేశాను. తప్పు కాదనుకుంటే మళ్ళీ పెట్టడం ఎందుకు? పీకి అట్లాగే వదిలేయొచ్చు గదా. ఈ ప్రశ్న నన్ను నేను అడుక్కోవడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

అట్లాంటి ఒక మధ్యాహ్నమే ఆ మెయిల్ వచ్చింది. మెయిల్ ఎట్లా తెరవాలో మా మనవరాలు అంతకుముందే ఆటగా నేర్పింది. రోజూ వచ్చేవన్నీ ఇంగ్లీషులో ఉండేవి, చూసి ఊరుకునేదాన్ని. ఇది తెలుగులో ఉంది. "గౌరవనీయులైన మీకు" అని మొదలైంది. మీ కంప్యూటరు ప్రమాదంలో ఉంది, వైరస్ రాకుండా భద్రతా అప్‌డేట్ పంపుతున్నాము, ఈ రోజు వరకే ఉచితం, రేపటి నుంచి రుసుము చెల్లించాలి, కింద నొక్కండి. తెలుగు కాస్త వంకరగా ఉంది. సర్కారు కాగితాల తెలుగు కూడా అట్లాగే ఉంటుంది గదా అనుకున్నాను. తెర మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది. ఆ కంప్యూటర్లో నాకు అర్థమైన మొదటి ఉత్తరం అదే. నన్ను గౌరవనీయులు అన్నది కూడా అదే.

పక్కనే షమీమ్ కాగితం ఉంది. అదీ చదివాను. చదివాకే నొక్కాను.

ఇది సరిగ్గా రాయాలి. ఉచితమని నొక్కాను, నిజమే. కాని దానికంటే ఎక్కువగా, ఆమె వద్దంది కాబట్టి నొక్కాను. ఒక గీత నిండుకుంటూ పోయింది, తర్వాత మామూలుగా అయిపోయింది. ఎంత గర్వపడ్డానో. రేపు మా అబ్బాయితో, "నీ బీయస్సీ అమ్మాయి చెయ్యలేని పని నేను చేసినా" అని అందామనుకున్నాను.

తెల్లారేసరికి ఒక్క రిపోర్టు తెరుచుకోలేదు. తెర నిండా ఇంగ్లీషు. తాళం తియ్యాలంటే డబ్బు పంపాలని ఉందట. అది చాలదన్నట్టు మా ల్యాబు పేరుతో అదే మెయిల్ రైతులందరికీ పోయింది. కొందరు మామీద నమ్మకంతో తెరిచారు, వాళ్ళ కంప్యూటర్లూ పాడయ్యాయి. పొద్దున్నే నీళ్ళ సీసాలు పట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డారు.

మా అబ్బాయి షమీమ్‌ను నిలదీశాడు. ఆ మాటలు ఒక్కటి కూడా మర్చిపోలేదు.

"ఎవరు తెరిచినారు దీన్ని?"

"నేను తెరవలేదన్నా. వద్దని కాయితం అంటించింది నేనే గదా."

"పోనీ, నకలు ఉందంటివే. ఆ పెట్టె తియ్యి."

ఆమె పెట్టెను వేరే కంప్యూటరుకు తగిలించింది. చూసింది. మళ్ళీ చూసింది. దాంట్లో రెండు నెలల నుంచి ఏమీ ఎక్కలేదు.

"రోజూ వైరు పెట్టే పోతుండానన్నా. ఎందుకు ఎక్కలేదో నాకు తెలీడంలా."

మా అబ్బాయి నా వైపు తిరిగాడు. "అమా, నువ్వేమన్నా చూసినావా?"

"నాకేం తెలుసు అబ్బయ్యా? మూడో తరగతి దాన్ని. ఆ కుర్చీలో పొద్దస్తమానం కూర్చునేది ఎవరో వాళ్ళనే అడుగు."

వాకిట్లోంచి ఒక రైతు అన్నాడు. "గుంటకు రావాల్సిన వైరస్ ల్యాబుకే వచ్చిందంట గదన్నా. ఇంక మా రొయ్యలకేం భయంలా." నలుగురు నవ్వారు.

షమీమ్ నవ్వలేదు. నన్ను చూసింది. "పెద్దమ్మా, మజ్జానం ఈడుండేది మీరొక్కరే గదా?"

"అంటే? నా ఇంట్లో నిలబడి నన్ను దొంగను చేస్తుండావా?"

ఆమె వెనక్కి తిరిగింది. చేతి సంచి తీసుకుంది. పోయేముందు రైతులు తెచ్చిన సీసాలన్నీ నీడలోకి జరిపి పోయింది. ఎండ తగిలితే నీళ్ళు మారిపోతాయి, పరీక్ష తప్పొస్తుంది.

నేను అబద్ధం చెప్పలేదని చాలా కాలం నాకు నేను నచ్చజెప్పుకున్నాను. నిజంగానే మూడో తరగతి. నిజంగానే ఆ కుర్చీలో కూర్చునేది ఆమె. మాట మాటకీ విడివిడిగా చూస్తే అంతా నిజమే. చదువు లేదని జీవితమంతా సిగ్గుపడినదాన్ని, ఆ రోజు ఆ చదువులేనితనాన్నే కొంగులా ముఖం మీదికి లాక్కున్నాను. ఆ మెయిల్ పంపిన వెధవలు ఎక్కడున్నారో, వాళ్ళ చేతులు పడిపోవాలని ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ఎంత తిట్టినా ఒకటి మిగిలిపోయేది. వాళ్ళు మెయిల్ పంపారు. దాన్ని షమీమ్ నెత్తిన పెట్టింది వాళ్ళు కాదు.

ఆ రోజుతో మా ల్యాబులో ఆమె పని పోయింది. ఊళ్ళో ఆమెకు వైరస్ షమీమ్ అని పేరు పడింది. చుట్టుపక్కల ఏ ల్యాబూ ఆమెను తీసుకోలేదు. రొయ్యల ఫ్యాక్టరీలో తలలు తీసే పనికి పోయింది. పొద్దుటి నుంచి ఐసు నీళ్ళలో చేతులు. బజారులో ఒకసారి ఎదురైతే చూశాను, వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయి పగిలి ఉన్నాయి. నేను పక్క సందులోకి తిరిగాను.

మా మనవరాలు ఇప్పుడు తొమ్మిదో తరగతి. మొన్న నా ఫోన్ చూస్తూ, "జేజీ, అప్‌డేట్ అని మెయిల్ వస్తే నొక్కమాక. నిజం అప్‌డేటయితే కంప్యూటరే సెట్టింగుల్లో చూపిస్తది. ఆ వైరస్ షమీమ్ మాదిరి చెయ్యమాక" అంది. నేను "ఊఁ" అన్నాను.

పోయిన వారం ముత్తుకూరు వైపు కొత్తగా ల్యాబు పెడుతున్న ఒకాయన మా అబ్బాయికి ఫోన్ చేశాడు. షమీమ్ పని అడుగుతోంది, మనిషి ఎట్లాంటిది అని. నేను పక్కనే చింతపండు గింజలు తీస్తున్నాను. "పని బాగా చేస్తది. కాని ఒకసారి మమ్మల్ని నిలువునా ముంచింది, పైగా ఒప్పుకోలేదు. మీరే ఆలోచించుకోండి" అన్నాడు మా అబ్బాయి. నా చేతులు ఆగలేదు. గింజలు తీస్తూనే ఉన్నాను. మొదటిసారి భయంతో నోరు మూసుకున్నాను అనుకుందాం. ఈసారి ఏ భయం? ఎవరు నన్ను ఏం చెయ్యగలరు? ఈ వయసులో కూడా ఇంట్లో నా మాట చెల్లాలనే గదా. అందుకోసం ఒక మనిషి చేతులు ఐసులో ఉండాలా?

ఇక్కడి దాకా రాసి, ఈ రోజు పొద్దున మా అబ్బాయికి ఇచ్చాను. నిలబడే చదివాడు. రెండోసారి కూర్చుని చదివాడు. "ఆ పెట్టె వైరు కూడా నువ్వేనా?" అన్నాడు. నేనే అన్నాను. పుట్టాక మొదటిసారి నా వైపు భయం లేకుండా చూశాడు.

ముత్తుకూరు ఆయనకు ఫోన్ చేశాడు. మొన్ననే ఇంకొకరిని తీసుకున్నారట.

ఇప్పటికీ షమీమ్ అంటే నాకు ఇష్టం లేదు. ఇష్టం లేకపోవడం నేరం కాదు, నేను చేసింది నేరం. ఆమె క్షమించాలని కోరను. కోరితే అది కూడా ఆమె నెత్తిన ఇంకో పని పెట్టినట్టే.

ఈ చివరి మాటలు రాస్తుండగా మా అబ్బాయి వాకిట్లోకి పోయి ఇంకో ఫోన్ చేశాడు. "అమ్మా షమీమ్, నేను" అనడం వినపడింది. తర్వాత, "నొక్కింది మా అమ్మ" అన్నాడు. ఫోను చెవికి ఆనించుకునే నిలబడ్డాడు. అవతల ఆమె వింటోందో, పెట్టేసిందో తెలియదు. నేను లేచి అటు పోలేదు. మా అబ్బాయి నోట ఆ మాట బయటికి పోయాక మాత్రం, ఒక నిండు ఊపిరి నా లోపలికి పోయింది.