మత్ దౌడో సాబ్ కొండ దిగిన రోజు

మా సేఫ్టీ ఆఫీసర్ గారు పోయారని ఫోను వచ్చినప్పుడు నేను అబుదాబి పారిశ్రామికవాడ ఐకాడ్‌లో, మా ఫ్యాక్టరీ పై అంతస్తులో, స్టోర్‌లో ఉన్నాను. శనివారం. మధ్యాహ్నం భోజనం చేసి, మజ్జిగ తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. ఫోను చేసింది వాళ్ళావిడే. "తమ్ముడూ, మీ సార్ లేవట్లేదయ్యా" అని మాత్రం అన్నారు. నేను ఫోను జేబులో పడేసి మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగబోయి, సగంలో ఆగిపోయాను. చెయ్యి దానంతటదే రెయిలింగు పట్టుకుంది. మిగతా మెట్లు ఒక్కొక్కటే దిగాను. కింద వెల్డింగు సెక్షన్‌లో విషయం తెలిసినవాళ్ళు గేటు వైపు గబగబా బయల్దేరి, నేల మీది పసుపు గీత దగ్గరికి రాగానే నడక తగ్గించారు. మనిషి పోయిన రోజున కూడా ఆయన మాట తీసెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

ఆయన ఉద్యోగమే పరిగెత్తేవాళ్ళను ఆపడం. పొద్దున సైరన్ మోగింది మొదలు ఫ్యాక్టరీలో ఏ మూల చూసినా ఆయన గొంతే. "అరే భాయ్, మత్ దౌడో! పని ఎక్కడికీ పోదు, నువ్వు పోతావు!" మొదటి సగం హిందీ, రెండో సగం కాకినాడ తెలుగు. అర్థమైనవాళ్ళూ కానివాళ్ళూ అందరూ ఆగేవారు. వర్కర్లు ఆయనకు మత్ దౌడో సాబ్ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు పాకిపోయి చివరికి మా ముదీర్, అంటే మేనేజరు కూడా మీటింగుల్లో అలాగే పిలవడం మొదలుపెట్టాడు. సార్‌కు కోపం రాలేదు. "పేరులో సందేశం ఉందయ్యా" అనేవారు.

డ్యూటీ అయిపోయాక కూడా ఆయన డ్యూటీలోనే ఉండేవారు. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఒక విల్లాలో కింది వాటా తీసుకున్నారు, పై వాటా చవగ్గా వస్తుందన్నా వద్దన్నారు, మెట్లుంటాయని. పెళ్ళిళ్ళకు వెళితే బయటికి పోయే తలుపు పక్క కుర్చీ ఆయనది. ఎవరింటికైనా భోజనానికి వస్తే చెప్పులు విడవగానే వంటింట్లోకి వెళ్ళి గ్యాసు ఎక్కడ కట్టెయ్యాలో చూసి వచ్చాకే కూర్చునేవారు. మా అమ్మాయి పుట్టినరోజున కేకు మీద కొవ్వొత్తులు వెలిగించి పాట అందుకునే లోపల, కర్టెను దగ్గరగా ఉందని ఆయనే ఉఫ్‌మని ఊదేశారు. మా అమ్మాయి ఏడుపు పక్క విల్లా వాళ్ళకు కూడా వినిపించింది. మరుసటి రోజు ఆయన బ్యాటరీతో వెలిగే కొవ్వొత్తులు కొనుక్కొచ్చి, ఊదితే ఆరకపోయేసరికి, పిల్లతో పాటు తనూ దిగులుగా కూర్చున్నారు.

నవ్వుకున్నాం కానీ, కోవిడ్ మొదలైన ఏడాది నాకు ఆ మనిషి విలువ తెలిసింది. నాకు పాజిటివ్ వచ్చింది. భార్యాపిల్లలు అప్పటికి ఊరికి వెళ్ళి ఉన్నారు. గదిలో ఒక్కణ్ణే. రోజూ సాయంత్రం ఆయన మాస్కు మీద మాస్కు, చేతులకు వెల్డింగు గ్లోవ్స్ తొడుక్కుని వచ్చి, నా గుమ్మం ముందు చారు ఫ్లాస్కు, అన్నం గిన్నె పెద్ద పట్టకారుతో దించి, కిందికి వెళ్ళి పార్కింగులో నిలబడి ఫోను చేసేవారు.

"కిటికీ దగ్గరికి రావయ్యా. మొహం చూపించు."

"మంచిగనే ఉన్న సార్. మీరు వోండ్రి, ఎండ గొడుతున్నది."

"నువ్వు చెప్పింది నేను నమ్మను. చూస్తే నమ్ముతాను. ఆ, కనపడ్డావ్. ఇక తిను."

నాది జగిత్యాల దగ్గర పల్లె. ఈ దేశం వచ్చినకాడి నుంచి నా మొహం చూడటానికి అంత దూరం వచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఇక వాళ్ళావిడ సంగతి చెప్పాలి. నేను అక్కా అంటాను. ఆవిడ ఈయనకు పూర్తిగా వ్యతిరేకం. లాక్‌డౌన్‌లో ఇంట్లో మగ్గి మగ్గి, తలుపులు తెరవగానే పార్కు చుట్టూ నడవడం మొదలుపెట్టి, నడక నుంచి పరుగులోకి వెళ్ళిపోయారు. యాభై దాటిన ఆవిడ చుడీదార్ మీద స్పోర్ట్స్ షూ వేసుకుని పొద్దున్నే చక్కర్లు కొడుతుంటే, సార్ కారును ఆవిడ పక్కనే నెమ్మదిగా నడుపుతూ "మెల్లగా, మెల్లగా" అనేవారట. చివరికి పార్కు కాపలాదారు వచ్చి, ఈ మనిషి మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నాడా అని అడిగాడని అక్క చెప్పి పొట్ట పట్టుకుని నవ్వేవారు.

ఒక చలికాలం అక్క, తూర్పు తీరంలో ఉండే కల్బా ఊరి వెనక కొండల్లో జరిగే మారథాన్‌కు పేరిచ్చారు. పైన కొండ మీద మొదలై, రాళ్ళ ఎడారిలో మెలికలు తిరిగే రోడ్డు వెంట దిగుతూ దిగుతూ సముద్రం దగ్గర ముగుస్తుంది. దారంతా చూడముచ్చటగా ఉంటుందట. అక్క తీసుకున్నది అందులో సగం దూరం. సగమే అయినా ఇరవై ఒక్క కిలోమీటర్లు.

"దిగుడే కదండీ, దాని దారిన అదే తీసుకుపోతుంది" అన్నారు అక్క, ఆ రోజు నేను వాళ్ళింట్లో పెసరట్టు తింటుండగా.

సార్ చేతిలో గరిటె అలాగే ఆగింది. "ఎక్కేటప్పుడు ఆయాసం వచ్చి మనిషి ఆగుతాడు. దిగేటప్పుడు ఎవడాపుతాడే?"

"ఆగడం దేనికి? పరిగెత్తడానికి వెళ్తుంటే!"

"మేకలు అడ్డం వస్తాయి. ఆ కొండల్లో మేకలుంటాయి."

"మేకలు వస్తే పలకరిస్తాను."

గంట సేపు వాదించుకున్నారు. గెలిచేది ఎవరో నాకు ముందే తెలుసు. సాయంత్రానికి సార్ తన పేరూ ఇచ్చారు, పరిగెత్తడానికి కాదు, ఆవిడ వెనక నడవడానికి. నన్ను అడగకుండానే నా పేరూ ఇచ్చారు. "ఆవిడ వెనక నేనుంటాను. నా వెనక ఎవరో ఒకరుండాలి కదయ్యా" అన్నారు.

ఆ రోజు తెల్లవారుతూనే కొండ మీదికి చేరాం. చలి. ఎర్రటి రాతి గుట్టల మధ్య నల్లటి రోడ్డు మెలికలు తిరుగుతూ కిందికి పోతోంది. దూరాన సముద్రం వెండి రేకులా మెరుస్తోంది. సార్ ఇనుప ముక్కు సేఫ్టీ షూ వేసుకొస్తే అక్క కారులోనే విప్పించారు. హెల్మెట్ కూడా లాక్కున్నారు. కానీ మెరిసే పసుపు జాకెట్టు, మెడలో విజిల్ మాత్రం ఇవ్వలేదు. అది మంచికే వచ్చింది. దారి పొడుగునా జనం ఆయన్ని నిర్వాహకుడే అనుకున్నారు. మలుపు వచ్చినప్పుడల్లా ఆయన పక్కకు నిలబడి చెయ్యెత్తి "స్లో, స్లో! టర్నింగ్ హై!" అనేవారు, మెరుపులా పోయే తెల్లవాళ్ళు నిజంగానే వేగం తగ్గించి, థాంక్యూ సార్ అని పోయేవారు. ఒకాయన నీళ్ళెక్కడ అని అడిగితే, తన సీసా ఇచ్చి, నిలబడి తాగమని ఆ నీళ్ళు అయ్యేదాకా పోనివ్వలేదు.

మేకలు కూడా వచ్చాయి. నిజంగానే. ఒక మలుపు దాటగానే మంద మొత్తం రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది. సార్ మొహంలో అంత వెలుగు నేను ఎప్పుడూ చూడలేదు. "చెప్పానా? ఏవే, చెప్పానా?" అని ముందు పోతున్న అక్కను కేకేశారు. ఆవిడ మేకల మధ్య నుంచి చెయ్యి ఊపి వెళ్ళిపోయారు. సార్ విజిల్ ఊది, ట్రాఫిక్ పోలీసులా చెయ్యి అడ్డం పెట్టి, మేకల్ని దాటించేదాకా మిగతా పరుగువాళ్ళను ఆపేశారు.

తర్వాత మేమిద్దరం చాలాసేపు నడిచాం. కింద వాదీ, అంటే వాన పడితేనే పారే వాగు, తెల్లటి గుండ్రాళ్ళతో ఎండి పడుంది. ఉన్నట్టుండి ఆయనే మొదలుపెట్టారు.

"నేనొచ్చిన కొత్తలోనయ్యా. దుబాయ్‌లో ఓ సైట్. నాతో పాటు మా కాకినాడ వైపాయన ఉండేవాడు, నా గదిలోనే. సాయంత్రం క్యాంపు బస్సు పోతోందని ఎవరో అరిచారు. మెట్ల మీద పరిగెత్తాడు. జారాడు."

ఆయన రోడ్డు మీది రాయి ఒకటి కాలితో పక్కకు నెట్టారు.

"మేం కిందికి వెళ్ళేసరికి బస్సు అక్కడే ఉంది. డ్రైవరు టీ తాగుతున్నాడు." ఆయన విజిల్‌ను కాసేపు వేళ్ళతో తిప్పారు. "అప్పట్నుంచి నేను పరిగెత్తలేదు. దేనికీ."

ఇన్నేళ్ళుగా మేం నవ్వుకున్న పేరు ఎక్కడ పుట్టిందో అప్పుడు తెలిసింది నాకు. ఇంతలో మలుపు అవతల అక్క కనిపించారు. రోడ్డు పక్క రాయి మీద కూర్చుని పిక్క పట్టుకుని ఉన్నారు. కండరం పట్టేసింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు నొప్పికి వచ్చినవి కావు, కోపానికి వచ్చినవి. ఆర్నెల్లు పార్కు చుట్టూ తిరిగారు మరి.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఒక బస్సు వచ్చి ఆగింది. వెనకబడ్డవాళ్ళను ఎక్కించుకుపోయే బస్సు. డ్రైవరు పెషావరు పఠాన్. "చాచా, టైమ్ ఖలాస్. యల్లా, సబ్ బైఠో" అన్నాడు, టైమ్ అయిపోయింది ఎక్కమని.

సార్ మొహం తేటపడింది. "బస్సు! చూశావా, ఎంత మంచి ఏర్పాటో!" అని అక్కను లేవదీసి ఎక్కించి, తనూ కాలు మెట్టు మీద పెట్టారు. అక్క ఆయన గుండెల మీద చెయ్యి పెట్టి ఆపేశారు.

"మీరు ఎక్కకండి."

"అదేంటే?"

"నా బదులు మీరు పూర్తి చెయ్యండి. ఇన్నాళ్ళూ నా వెనకాల తిరిగారు కదా. ఇప్పుడు నా ముందు నడవండి."

నేను డ్రైవరును అడిగాను. బస్సుకు ముందు ఉన్నంతసేపు పోవచ్చునట, బస్సు దాటిందంటే మాత్రం ఎక్కెయ్యాలట. సార్ అక్క మొహం చూశారు, రోడ్డు చూశారు, బస్సు చూశారు. మెట్టు మీద కాలు తీసి కిందికి దిగారు.

మొదట నడిచారు. బస్సు వెనక గుర్రుమంటూ కదిలింది. ఇంకాస్త వేగంగా నడిచారు. బస్సు ఇంకాస్త దగ్గరికి వచ్చింది. అక్క కిటికీలోంచి నడుము దాకా బయటికి వచ్చి "ఏవండీ, పరిగెత్తండి!" అని అరిచారు.

"చెయ్యి లోపల పెట్టు! తల లోపల పెట్టు ముందు!" అని ఈయన ముందు నుంచి అరిచారు.

"మీరు పరిగెత్తితే పెడతాను!"

ఆ బెదిరింపుకే ఆయన పరిగెత్తారు. చేతులు రెండు పక్కలకీ చాచి, తడి నేల మీద పోతున్నట్టు అడుగులేస్తూ. కాసేపటికి వాలు ఆయన్ని పట్టుకుంది. పొట్ట ఊగుతోంది, విజిల్ ఎగురుతోంది, పసుపు జాకెట్టు గాలికి ఉబ్బింది. నేను అందుకోలేక వెనకబడుతున్నాను.

"ఆగట్లేదయ్యా!" అని ఆయన కేక.

"ఆగకుండ్రి సార్! అస్సల్ ఆగకుండ్రి!"

ఆయన నవ్వు వినిపించింది. ఫ్యాక్టరీలో ఇన్నేళ్ళు పని చేశాను, అలా నోరంతా తెరిచి నవ్వగా ఎప్పుడూ వినలేదు. పఠాన్ కూడా హుషారెక్కి హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. దాటెయ్యాల్సిన చోట రెండుసార్లు బ్రేకు వేశాడని అక్క తర్వాత చెప్పారు.

మేము కిందికి చేరేసరికి పందెం ముగిసి జనం వెళ్ళిపోయారు. గాలితో నిలబెట్టే ఆర్చిని దించేస్తున్నారు. సగం గాలి పోయి ఒక పక్కకు ఒరిగి ఉంది. "ఆగుండ్రి భయ్, ఇంకొకలు ఉన్నరు!" అని నేను సార్ వెనక నుంచే అరిస్తే, అక్కడున్న పనివాళ్ళలో ఒకాయన తలెత్తి "ఎవలు, మనోళ్ళేనా?" అన్నాడు. కామారెడ్డి ఆయన. గబుక్కున ఫ్యాను మళ్ళీ వేశాడు. ఆర్చి ఊగుతూ కాస్త లేచింది. లేవని పక్కను నలుగురు భుజాల మీద ఎత్తి పట్టుకున్నారు.

సార్ రొప్పుతూ వచ్చి, దాని ముందు టక్కున ఆగిపోయారు. అటూ ఇటూ చూశారు. "దీనికి తాళ్ళేవి? బరువు కింద మనుషులు నిలబడ్డారు, హెల్మెట్లేవి?"

బస్సు తలుపు దగ్గర నుంచి అక్క చేతులు జోడించారు. "ఏవండీ. మీకు పుణ్యం ఉంటుంది. రండి."

"ముందు వాళ్ళను పక్కకు జరగమను."

"వాళ్ళు జరిగితే అది పడిపోతుందండీ!"

ఆ మాటలో న్యాయం కనిపించినట్టుంది. తల వంచుకుని, రెండు చేతులు నెత్తి మీద అడ్డం పెట్టుకుని, ఒక్క ఉరుకున దాటేశారు. నలుగురూ ఆర్చిని వదిలేసి చప్పట్లు కొట్టారు. అది వాళ్ళ మీదే కూలింది. ఆయన వెనక్కి పరిగెత్తుకెళ్ళి, ఆ గుడ్డ కింద నుంచి నవ్వుతున్నవాళ్ళను ఒక్కొక్కరినే బయటికి లాగి, ఎవరికీ ఏమీ కాలేదని చూసుకున్నాకే మెడల్ వేయించుకున్నారు. అది తీసి అక్క మెడలో వేస్తే, తను పూర్తి చెయ్యలేదని ఆవిడ తీసేశారు. తను పరిగెత్తింది ఆవిడ కోసమేనని ఈయన మళ్ళీ వేశారు. ఆ గొడవ తేలక చివరికి దాన్ని నా మెడలో వేసి ఊరుకున్నారు.

ఆయన మారిపోయారని అనుకోకండి. సోమవారం పొద్దున్నే ఫ్యాక్టరీలో యథాప్రకారం "మత్ దౌడో!" వినపడింది. కాకపోతే తొడలు పట్టేసి ఆయనే వారం రోజులు కుర్చీలోంచి లేవలేక, ఆ కేక కూర్చునే వేశారు.

కానీ ఆ మనిషిని తలుచుకుంటే నాకు ఫ్యాక్టరీ గుర్తుకు రాదు. పరుగు అయిపోయాక ఆ మధ్యాహ్నం గుర్తుకొస్తుంది. కల్బాలో రోడ్డు పక్క నుంచి ఇసుకలోకి నాలుగు సిమెంటు మెట్లుంటాయి. కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంటే నొప్పి తగ్గుతుందని అక్క అన్నారు. కొండ మొత్తం దిగివచ్చిన మనిషికి ఆ మెట్లు దిగడం చేతకాలేదు. మోకాలు వంచితే ప్రాణం పోతోందని అటూ ఇటూ చూసి, చివరికి వెనక్కి తిరిగి దిగితే నొప్పి లేదని కనిపెట్టారు. కుంటుతున్న అక్క ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు.

"వెనక ఏమైనా ఉందేమో చూస్తుండవయ్యా" అన్నారు సార్ నాతో.

"ఏం లేదు సార్. సముద్రమే."

మెట్లు దిగారు, ఇసుక దాటారు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, మా వైపే చూస్తూ, ఒక్కొక్క అడుగే వెనక్కి వేసుకుంటూ నీళ్ళలోకి వెళ్ళిపోతున్నారు. చిన్న అల ఒకటి వెనక నుంచి వచ్చి పిక్కలకు తగిలింది. ఉలిక్కిపడి, చల్లగా ఉందే అని అక్కతో అని, నవ్వుతూ ఇంకో అడుగు వెనక్కి వేశారు.