జార్జియా తేలేదాకా

మా అన్నయ్య మా గేటు ముందు స్కూటరు ఆపేవాడు, దిగేవాడు కాదు. చేపల సంచీని గేటు మీదుగా నా చేతికి అందించి, "కవళ్ళ చేపలమ్మా, ఇప్పుడే దిగినాయి, బేగి వండీ" అని బండి తిప్పుకునేవాడు. వరండాలో కుర్చీ వేసుకున్న మా ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవారు. ఆ పేపరు ఒక్కోసారి తలకిందులుగా ఉండేది. అప్పటికి నాకు కాస్త అక్షరాలు వచ్చాయి కాబట్టి ఆ సంగతి తెలిసేది.

మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసి రిటైరయ్యారు. ఉక్కునగరం క్వార్టరు ఖాళీ చేసి దువ్వాడ స్టేషనుకి ఇవతల చిన్న ఇల్లు కట్టుకున్నాం. మా అన్నయ్య పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యాడు. ఇప్పటికీ పొద్దున్నే హార్బరుకి వెళ్ళి చేపలు కొనకపోతే వాడికి తెల్లారినట్టు ఉండదు. బావాబామ్మర్దులిద్దరికీ ఒకటే జబ్బు. ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో ముందే చెప్పడం. ఏ పార్టీ జెండా మోసినవాళ్ళు కారు. ఏ వీధి ఎటు మొగ్గుతుంది, ఏ ఊళ్ళో ఎవరికి ఎవరి మీద కోపం, క్యాండిడేటు అత్తారిది ఏ ఊరు, ఇవే వాళ్ళ లెక్కలు.

మొన్నటి మన ఎన్నికల్లో మా ఆయన లెక్క కుదిరింది, మా అన్నయ్యది కుదరలేదు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. అన్నయ్య బండి మా సందులోకి తిరగడం చూసి మా ఆయన గేటు ముందు సీమటపాకాయల దండ వెలిగించారు. బండి ఒక పక్కకి, అన్నయ్య ఒక పక్కకి, చేపలు మధ్యలోకి పడ్డాయి. మా వీధిలో పిల్లులకి ఆ రోజు పండగ. అన్నయ్య పంచె దులుపుకుని లేచి, "నీ గేటు ఇంక తొక్కను బావా. తొక్కితే నన్ను మనిసని అనకు" అన్నాడు. అని ఊరుకునే రకం కాదు వాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో చెయ్యి కడగలేదు.

నాకు పుట్టింటి వైపు మిగిలింది వాడొక్కడే. వాడు తెచ్చిన చేప నేను వండాలి, వాడు మాత్రం తినకూడదు. అందుకని ఒక రోజు ఇద్దరూ వినేలా చెప్పేశాను, "ఇంక ఈ గేటుకి ఇటైనా అటైనా మన ఓట్ల మాట ఎత్తితే నాను పొయ్యి ఎలిగించను" అని.

అలా మన ఓట్లు బందయ్యాక మా ఇంటికి అమెరికా ఓట్లు వచ్చాయి.

నాకు చదువు వచ్చింది మనవలు బడికి వెళ్ళే వయసులో. మా కాలనీలో రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఆడవాళ్ళని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేది. రోజూ పేపరులో ఒక వార్త పైకి చదవాలని ఆవిడ ఆర్డరు. ఒక రోజు పొద్దున్న గేటు దగ్గర పీట వేసుకుని, మా ఆయన పేపరులోంచి లోపలి షీటు విడదీసుకుని, ఏదో మూల ఉన్న వార్త పట్టుకున్నాను. అమెరికాలో మధ్యంతర ఎన్నికలు వస్తున్నాయట. సెనేట్ అని మన రాజ్యసభ లాంటిది ఒకటి ఉంటుందట, కానీ జనమే ఓటేసి పంపుతారట. కొన్ని రాష్ట్రాలు ఎప్పుడూ ఒకే పార్టీకి వేస్తాయట, కొన్ని మాత్రం ఒకసారి ఇటూ ఒకసారి అటూ ఊగుతాయట. ఆ ఊగే రాష్ట్రాలే అంతా తేలుస్తాయట.

ఇంత చదివేసరికి, సంచీ ఇచ్చిన స్కూటరు ఇంకా వెళ్ళలేదని, ఇంజను ఆగిపోయి ఉందని గమనించాను. వరండాలో పేపరు కిందికి దిగింది.

"మీ అన్నకి సెప్పు, ఇలాటియి మనకీ ఉన్నాయని. మద్దిలపాలెం వైపు ఒక వార్డుంది, అచ్చం ఇలాగే ఊగుతాది" అన్నారు మా ఆయన.

"మీ ఆయనకి సెప్పమ్మా, ఊగేదాని మీద లెక్క కట్టడం వేరు, టపాకాయలు కాల్చడం వేరని" అన్నాడు అన్నయ్య.

"మన ఓట్ల మాట వద్దన్నాను" అన్నాను.

"ఇది పాలిటిక్స్ కాదే. జనరల్ నాలెడ్జి" అన్నారు మా ఆయన, ఎంతో వినయంగా.

అలా మొదలైంది. వారానికి రెండుసార్లు వచ్చే అన్నయ్య రోజు విడిచి రోజు రావడం మొదలుపెట్టాడు. ఫోనులో చూసింది లెక్కలోకి రాదని ఇద్దరూ నా ద్వారానే ఒప్పందం చేసుకున్నారు. ఎవరి ఫోను వాళ్ళకి నచ్చిందే చూపిస్తుందట. పేపరైనా సరే మా ఆయన చదివితే అన్నయ్య నమ్మడు, "సదివేటప్పుడు సొంత సరుకు కలుపుతాడు" అని. అన్నయ్య చదివితే ఈయనకి అదే అనుమానం. అక్షరం అక్షరం కూడబలుక్కునే మనిషి సొంత మాట కలపలేదు కదా. అందుకని చదవడం నాకు వదిలేశారు.

అమెరికావాళ్ళు ఊళ్ళకి పేర్లు ఒత్తులతోనే పెట్టుకుంటారు కాబోలు. "పె... న్సి..." అని నేను ఆగితే ఇద్దరూ ఊపిరి బిగబట్టేవారు. "హోరాహోరీ" అన్న మాట మాత్రం గబుక్కున చదివేసేదాన్ని, దానికి ఒత్తులు లేవు. రోజూ ఆ మాటే ఉండేది. నేను ఎంత గబుక్కున చదివితే వాళ్ళకి అంత నిరాశ.

అక్కడ ఒక పార్టీది గాడిద, ఇంకొకదానిది ఏనుగు. అన్నయ్య వెంటనే ఏనుగు వైపు వెళ్ళిపోయాడు.

"ఏనుగు ముందు గాడిదేటి నిలబడతాది?"

"నిలబడతాది" అన్నారు మా ఆయన. "కొలిమి దగ్గర ఇన్నేళ్ళూ మోత మోసినోణ్ణి, నాకు తెల్దేటి? పెన్సిల్వేనియా ఉక్కు రాష్ట్రం. ఉక్కు మనిసి నాడి నాకు తెల్సు. అక్కడ యూనియన్ ఉంది. గాడిదకే."

"జార్జియాలో పోర్టుంది" అన్నాడు అన్నయ్య. "పోర్టోడి నాడి నాకు తెల్సు. ఓడ ఎటు ఒరిగిందో సూస్తే సరుకెటుందో సెప్పీగలను."

"సరుకు సూసి ఓటు సెప్పీస్తాడంట మీ అన్న."

"టపాకాయ సూసి మనిసిని సెప్పీగలనని కూడా సెప్పమ్మా."

చెప్పమని ఇద్దరూ నాకే చెప్పేవారు కానీ నేను నోరు తెరిచేలోపే అవతలి నుంచి జవాబు వచ్చేసేది. నాకు ఇంకో సందేహం ఉండేది. ఓటు కాగితం మీద గాడిద బొమ్మా ఏనుగు బొమ్మా ఉంటాయా అని. టీచరమ్మని అడిగితే, అక్కడ చాలాచోట్ల బొమ్మలుండవు, పేర్లు చదివే వెయ్యాలి అంది. నేను ఇన్నేళ్ళూ బొమ్మ చూసి వేసినదాన్నే. ఆ మాట విన్నాక అమెరికా మీద నాకు కొంచెం కోపం వచ్చింది. అక్కడ నాలాంటిది ఉంటే ఏం చేసేదో.

ఎన్నిక దగ్గర పడింది. పందెం అన్నారు. నేను కోరుకున్నది కూడా అదే. మూడు రాష్ట్రాలు తీసుకున్నాం. మా ఆయనది పెన్సిల్వేనియా, అన్నయ్యది జార్జియా, మూడోది విస్కాన్సిన్. అది నేను కోరుకున్నాను, ఆ పేరుని తడుముకోకుండా చదివి తీరాలని. మూడింటిలోనూ మా ఆయనది గాడిద, అన్నయ్యది ఏనుగు. ఎక్కువ ఎవరికి కుదిరితే వాళ్ళది గెలుపు.

"పందెం ఏటో నాను సెప్తాను" అన్నాను. "నువ్వోడిపోతే గేటు తీసుకోని లోపలికి రావాల. ఈయన ఓడిపోతే గేటు దాకా వచ్చి నిన్ను పిలవాల."

అవతలివాడు ఓడిపోయినప్పుడు ఎలా ఉంటాడో ఊహించుకోవడంలో మునిగిపోయి ఇద్దరూ సరేనన్నారు. ఎవరు ఓడినా అన్నయ్య లోపలికి వస్తాడన్న సంగతి వాళ్ళకి తట్టలేదు. ఎన్నికంటే ఒకడు గెలుస్తాడు, ఒకడు ఓడతాడు. నా పథకంలో లోపం ఎక్కడుందో ఎంత వెతికినా నాకు కనిపించలేదు. ఫలితాల ముందు రోజు రాత్రి పిండివంటకి బియ్యం కూడా నానబోశాను.

ఫలితాల పేపరు వచ్చిన పొద్దున్న అన్నయ్య మామూలు కన్నా ముందే వచ్చాడు. పెన్సిల్వేనియా గాడిదకి. మా ఆయన కాలు మీద కాలు వేసుకున్నారు. విస్కాన్సిన్ ఏనుగుకి. ఆ పేరు తడుముకోకుండా చదివాను గానీ ఒక్కరూ మెచ్చుకోలేదు. ఇంక మిగిలింది జార్జియా.

"జార్జియాలో ఎవరికీ సగం ఓట్లు దాటనందున..." అని చదివి ఆగాను. ఒత్తు వల్ల ఆగలేదు.

"దాటనందున ఏటే?" అన్నారు మా ఆయన.

అక్కడ చట్టం అలా ఉందట. ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దరికీ మళ్ళీ ఓట్లు పెడతారట. వచ్చే నెలలో.

"ఒక్క ఓటు ఎక్కువొచ్చినోడు గెలిచినట్టు కాదేటి?" అన్నాడు అన్నయ్య. "ఇదేం పద్ధతమ్మా."

స్కూటరు తిప్పుకుని వెళ్ళిపోయాడు. నానిన బియ్యం నా మొహం చూస్తూ కూర్చున్నాయి. ప్రపంచంలో ఇన్ని రాష్ట్రాలుండగా నా అన్నయ్య వెళ్ళి జార్జియానే ఎందుకు పట్టుకున్నాడో అని ఆ పూట వాణ్ణి తెగ తిట్టుకున్నాను.

మర్నాడు పీట వేసుకుంటుంటే ఒక ఆలోచన వచ్చింది. నెల రోజుల పాటు వీళ్ళకి జార్జియా కావాలి. జార్జియా నా నోట్లో ఉంది. నా నోరు నేను కూర్చున్న చోట ఉంటుంది.

పీటని గేటు దగ్గర నుంచి కరివేపాకు చెట్టు దాకా జరిపాను. "ఎండ కళ్ళల్లో పడతందన్నయ్యా" అన్నాను. నిజానికి ఆ రోజు మబ్బు పట్టి ఉంది.

"వినపడటం నేదమ్మా."

"దగ్గరికి రా మరి."

వాడు చాలాసేపు ఆలోచించాడు. తరవాత గేటు రెక్క స్కూటరు చక్రంతో తోసి, ముందు చక్రం లోపల పెట్టాడు. కాళ్ళు రెండూ బండి మీదే ఉన్నాయి. "నాను తొక్కనేదు. బండి తొక్కింది" అన్నాడు.

పేపరు ఇప్పుడు నా చేతిలో ఉంది కాబట్టి ముఖానికి అడ్డం పెట్టుకోవడానికి మా ఆయనకి ఏమీ లేదు. కరివేపాకు చెట్టు వైపు చూస్తూ కూర్చున్నారు.

ఆ నెలంతా పీట ప్రయాణం చేసింది. వరండా మెట్టు దగ్గరికి వెళ్ళింది, స్కూటరు మొత్తం గేటు దాటింది. నేను గొంతు కొంచెం తగ్గించాను. బండి మెట్టుకి ఆనుకుంది. అక్కడ అన్నయ్య కాలు మెట్టు మీద పెట్టుకుని, "ఒట్టు గేటుకే గానీ మెట్టుకి కాదు కదా" అని తనలో తను అనుకున్నాడు, అందరికీ వినపడేలా. దోమలని చెప్పి నేను హాల్లో ఫ్యాను కిందికి వెళ్ళాను. పొద్దున్న పూట దోమలేమిటని ఎవరూ అడగలేదు. అన్నయ్య వరండా గోడకి చేరబడ్డాడు, తరవాత గుమ్మానికి, ఆ తరవాత ఒక రోజు సోఫా చివర కూర్చుని ఉన్నాడు. మా ఆయన ఎప్పుడు జరిగారో, సోఫాలో వాడికి చోటు ఉంది.

ఈ లోపల నా చదువు బాగుపడింది. జార్జియా వార్త కంటితో ఒక్క చూపులో చదివేయగలను. అయినా పైకి మాత్రం వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. కూడబలుక్కుంటుంటే మధ్య మధ్యలో వాళ్ళిద్దరూ నన్ను వదిలేసి నేరుగా మాట్లాడేసుకునేవారు.

"ఈసారి ఓటింగ్ తగ్గుతాది బావా, రెండోసారి ఎవులెల్తారు?"

"తగ్గదు బావా, పట్టుదలొచ్చేస్తాది."

ఈ 'బావా' మాట విని ఎన్నాళ్ళయిందో. ఆ పూట నేను ఆ వార్తని మళ్ళీ మొదటి నుంచి చదివాను, సరిగ్గా అర్థం కాలేదని చెప్పి.

జార్జియా తేలిన పేపరు వచ్చింది. పాలు పొంగేలోపు ముందే చదివేసుకున్నాను. గాడిద. అంటే అన్నయ్య ఓడిపోయాడు. ఓడిపోయినవాడిగా వాడు తల దించుకుని కూర్చుంటే నేను చూడగలనా అని నాకు బెంగ పట్టుకుంది. ఒక్క మాట మార్చి చదివితే ఎవరికి తెలుస్తుంది? కానీ నేను కలపనని కదా ఇద్దరూ నన్ను నమ్మింది.

స్కూటరు వచ్చింది. అన్నయ్య సంచీ వంటింట్లో పెట్టమని ఇచ్చాడు. ఎప్పుడూ చేపని చేపలాగే తెచ్చేవాడు, ఆ రోజు కోనెం ముక్కలు కొట్టించి, తలకాయ వేరే కట్టించి తెచ్చాడు. "తలకాయి పులుసు పెట్టమ్మా" అన్నాడు. ఎవరికోసమని నేను అడగలేదు. అంత ఖరీదైన చేప ఏమీ తెలియని మనిషి తేడు. ఫోన్లో ముందు రోజే ఇద్దరూ చూసేసి ఉంటారు. మా ఆయన కూడా రాత్రి నుంచి ఎందుకో మర్యాదగా ఉన్నారు.

అయినా ఇద్దరూ సోఫాలో కూర్చుని, ఏమీ తెలియనట్టు నా వేలి వైపే చూశారు. నేను కూడా ఏమీ తెలియనట్టే చదివాను. చివరి మాట దగ్గర ఆగాను, చదివేశాను.

"ఓడిపోనాను" అన్నాడు అన్నయ్య. "మరైతే గేటు తీసుకోని లోపలికి రావాల కదేటి, పందెం పెకారం."

"లోపలే ఉన్నావు కదన్నయ్యా."

"అది సదువు కోసం. పందెం పందెమే." లేచి చెప్పులేసుకుని మెట్లు దిగి, గేటు దాటి, రోడ్డు మీద నిలబడి గేటు వేసేశాడు. గడియ కూడా పెట్టాడు. ఇంక తీసుకుని రావడమే మిగిలింది, కానీ చెయ్యి గడియ మీద పెట్టి అలాగే ఉండిపోయాడు.

మా ఆయన లేచారు. గెలిచినవాళ్ళు లేవాలని పందెంలో లేదు. వరండా, మెట్టు, కరివేపాకు చెట్టు, నా పీట వచ్చిన దారంతా వెనక్కి నడిచి గేటు దగ్గరికి వెళ్ళారు. గడియ ఈ వైపు నుంచి తీశారు.

"రా బావా" అన్నారు. "ఆ రోజు అంత పెద్ద దండ కాల్చాల్సింది కాదులే."

"సిన్నదైతే పర్నేదా?" అన్నాడు అన్నయ్య, గేటు తొక్కుతూ.

నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. పులుసు పొయ్యి మీద పెట్టి చాలాసేపయ్యాక కూడా హాల్లోకి ఎవరూ రాలేదు. చూస్తే ఇద్దరూ గేటు మధ్యలోనే నిలబడి ఉన్నారు. వచ్చే సెనేట్ ఎన్నికల్లో ఏ రాష్ట్రం ఎటు ఊగుతుందో లెక్క కడుతున్నారు. అన్నయ్య ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

"ఆ రెండో కాలు కూడా ఇటు పెట్టీసి మాటాడుకోండి" అని కేకేసి, మూడు కంచాలు కడిగాను.