హులి, పులి, టైగర్

మా అవ్వ సరోజమ్మ తలచుకుంటే ఆదోని మార్కెట్‌కు పత్తి బండ్లు లాగే ఎద్దులు కూడా ఇంగ్లీషులోనే రంకెలు వేస్తాయి. ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట్లో పుట్టి, ముప్పై ఏళ్లకు పైగా ఒకటో తరగతికి పాఠాలు చెబుతున్న మనిషి. ఆమె చేతిలో ఇంగ్లీషు రానిది ఒక్క నాకే. పదో తరగతి రెండుసార్లు తప్పి మానేశాను. అందులో ఆమె తప్పేం లేదు, విత్తనమే పుచ్చుది.

పోయిన జూన్‌లో హాలహర్వి దిక్కు నుంచి హులిగమ్మ అనే పిల్ల అవ్వ తరగతిలో చేరింది. వాళ్లింట్లో కన్నడం. బొమ్మలో పులిని చూసి ‘హులి’ అనేసరికి పిల్లలంతా నవ్వారు. అవ్వ నవ్వినవాళ్లనే లేపి నిలబెట్టింది. “పాప పేరులోనే పులి ఉండాది. అందరూ అనండి, హులి, పులి, టైగర్.” ఆ రోజు నుంచి హాలు, పాలు, మిల్క్. హూవు, పువ్వు, ఫ్లవర్. ఇంటి మాట చెయ్యి పట్టుకుని బడి మాటకు, ఆడి నుంచి ఇంగ్లీషుకు. నెల తిరిగేసరికి తరగతిలో పెద్ద గొంతు హులిగమ్మదే.

దసరా తర్వాత కొత్త పెద్దసారు వచ్చాడు. “మూడు భాషలు కలిపి కిచిడీ చేస్తే పిల్లలకు ఏదీ రాదు, సరోజమ్మగారూ. ఇకమీద ఇంగ్లీషు ఒక్కటే వినబడాల” అన్నాడు. అవ్వ సరేనంది. హులిగమ్మ నోరు మూతబడింది. ఇంటికొచ్చి అవ్వ అన్నం కెలుకుతూ కూర్చునేది. “ఏమవ్వా, అన్నం కూడా ఇంగ్లీషులోనే తినమన్నాడా మీ సారు?” అన్నా నవ్వేది కాదు.

చలికాలంలో ఒకరోజు అవ్వకు క్యారియర్ ఇవ్వడానికి బడికి పోతే, హులిగమ్మ వాళ్లమ్మ నిలబడి ఉంది.

“గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేకి పోతాండామమ్మా. పాపను పిల్సుకుపోతా.”

“మా ఇంట్లో ఇడిసిపోమ్మా. నేను చూసుకుంటా. సదువు ఆగిపోతాది.”

“నోరే తెరవని పిల్లకు ఏం సదువమ్మా? ఒక్క ఇంగ్లీషు మాట సెప్పనీ, ఇడిసిపోతా.”

పెద్దసారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అవ్వ ఆయన వైపు ఒకసారి చూసి, గోడమీది పులి బొమ్మపై వేలు పెట్టింది.

“వాట్ ఈజ్ దిస్?”

హులిగమ్మ పులిని చూడలేదు. అవ్వ పెదాలనే చూస్తూ, ఇంకేదో వస్తుందని కాచుకుంది. ఏమీ రాలేదు. వాళ్లమ్మ సంచి అందుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది.

ఇదంతా రాసి, మొదట్లోని ఎద్దుల మాట దగ్గర నుంచి అవ్వకు చదివి వినిపించాను. “ఆ పొద్దు నువ్వు ‘హులి’ అని అందించింటే, మిగతాది పాపే సెప్పేది గదవ్వా?” అని అడిగాను.

“ఎద్దుల ముచ్చట కొట్టేయ్. పెద్దసారుకు భయపడి ఇంగ్లీషులో అడిగినాను. అది రాయి.”