పాండవులగుట్ట ఉన్న చోటు

వడమాలపేట దగ్గర మెట్టచేలల్లో సిద్ధమ్మ అత్తగారి భూమి ఉండేది. దాని పడమటి మూలలో, చుట్టూ గుండ్రాళ్ళు పాతిన పాత మట్టిదిబ్బ ఒకటి. ఊరంతా దాన్ని పాండవులగుట్ట అనేవాళ్ళు. ఏ కాలంవాళ్ళో తమ చనిపోయినవాళ్ళను అందులో పూడ్చారని పెద్దలు చెప్పేవాళ్ళు. అందుకే ఎవరూ దానిమీద మడక పెట్టి దున్నలేదు.

సిద్ధమ్మకు తొలికాన్పులో ఆడబిడ్డ పుట్టి తొమ్మిదోనాడే పోయింది. పేరైనా పెట్టలేదు. భర్త గోవిందస్వామి బిడ్డను ఎత్తుకుపోయి ఆ రాళ్ళ పక్కనే పూడ్చి వచ్చాడు. ఏడుస్తున్న కోడలి తల నిమురుతూ అత్త దేవకమ్మ, "ఆడ పెద్దోళ్ళు పండుకోనుండారు. బిడ్డ ఒంటిగా ఉండదులే," అనింది. ఆ మాట పట్టుకునే సిద్ధమ్మ లేచి తిరిగింది. తర్వాత ఇద్దరు మగపిల్లలు పుట్టినా, శెనక్కాయ చేలో కలుపు తీసే రోజుల్లో మధ్యాహ్నం సంగటి ఆ రాళ్ళకు ఆనుకునే తినేది.

తొంభై ఆరులో అన్నదమ్ములు భూమి పంచుకున్నారు. దిబ్బవైపు తీసుకోమని సిద్ధమ్మ మొగుణ్ణి బతిమాలింది. బావి ఉన్న భాగం వదులుకోవడానికి అతనికి మనసొప్పలేదు. పడమటి చేను మరిది ఏకాంబరానికి పోయింది. మరుసటి ఎండాకాలం ఆమె చెల్లెలి కాన్పుకని శ్రీకాళహస్తి పోయి వచ్చేసరికి, ఏకాంబరం బుల్డోజరు పెట్టించి దిబ్బను చదును చేసేశాడు. రాళ్ళు ఎక్కడికి తోలారో కూడా తెలియదు. ఎర్రమట్టి నున్నగా పరుచుకుని ఉంది. మామిడి మొక్కలకు గుంతలు తీస్తున్నారు. బిడ్డ పోయిననాటికి ఏకాంబరం చిన్నవాడు, అతనికెవరూ చెప్పలేదు. సిద్ధమ్మ గట్టుమీద నుంచే వెనక్కి తిరిగి ఇంటికొచ్చేసింది.

రెండువేల నాలుగులో తిరుపతి నుంచి రఘునాథ్ అనే కాలేజీ అయ్యవారు ఆ దిబ్బను వెతుక్కుంటూ వచ్చాడు. ఏదో పాత కాగితంలో దాని ప్రస్తావన ఉందట. అటువంటిదేమీ లేదని ఏకాంబరం చెబుతుంటే, గడ్డి కోసుకుంటున్న సిద్ధమ్మ కొడవలి పట్టుకునే దగ్గరికొచ్చింది.

"ఉండె సార్. నేను చూపిస్తా."

తోటలోకి నడిచింది. ఒకప్పుడు రాతికి ఆనుకుని కూర్చుంటే ఎదురుగా రెండు కొండల నడుమ సందు కనిపించేది. ఇప్పుడెక్కడ కూర్చున్నా మామిడి కొమ్మలే అడ్డం. నాలుగుచోట్ల కూర్చుని లేచింది. అయ్యవారు మట్టిలోంచి ఒక కుండపెంకు ఏరాడు. లోపల నలుపు, పైన ఎరుపు. ఇలాంటి కుండలు ఆ కాలం సమాధుల్లో పెట్టేవాళ్ళని, దిబ్బ ఈ దాపులోనే ఉండి ఉంటుందని చెప్పి, నోటుబుక్కులో రాసుకుంటూ ఇంకేమైనా గుర్తుందా అని అడిగాడు.

"నా బిడ్డ ఉండాది ఈడ. తొమ్మిది దినాల బిడ్డ."

అయ్యవారు రాయడం ఆపేశాడు. ఏకాంబరం మొహం పాలిపోయింది.

"చెప్పింటే ఆ మూల ఇడిసిపెట్టేటోణ్ణి గదా వదినా."

"నోరు రాలేదు నాయనా," అనింది సిద్ధమ్మ.

అయ్యవారు వెళ్ళిపోయాక ఏకాంబరం, ఏ చెట్టు దగ్గరో చెప్పమని, ఆ చుట్టూ దున్నకుండా వదిలేస్తానని అన్నాడు. ఆమె చాలాసేపు చూసింది. ఏ చెట్టో గుర్తుపట్టలేకపోయింది. చివరికి అతనే ఆ పక్క మూడు వరుసలూ వదిలేశాడు. అక్కడ మోకాలెత్తున పెరిగిన గడ్డిని సిద్ధమ్మ ఒక్కనాడూ కొయ్యలేదు.