కంట్లో తెల్ల చుక్క

మొమోసె గారికి దుర్మార్గుణ్ణి దుర్మార్గుడిగా వదిలేయడం చేతకాదు. టోక్యో శివార్లలోని చిన్న యానిమేషన్ స్టూడియోలో అందరూ గీసిన బొమ్మలు దిద్దడం ఆయన పని. అక్కడి పద్ధతిలో విలన్ కళ్ళు ఉత్త నలుపు. వాడు మారిన రోజే కంట్లో తెల్ల చుక్క పెట్టాలి. మొమోసె గారు మాత్రం వాడు ఊరు తగలబెడుతుండగానే పెట్టేసేవారు.

"వీడు మారేది చివర్లో కదండీ," అని డైరెక్టర్ ఇవామురా తల పట్టుకునేవాడు.

"చివర్లో అందరికీ కనబడుతుంది. నాకు ఇప్పుడే కనబడింది."

"సొంత అన్నని చంపాడండీ వీడు."

"చంపాక భోంచేసినట్టు మీ కథలో ఎక్కడైనా ఉందా? తిండి సహించలేదంటే లోపల బాధ ఉన్నట్టే."

ఒక సినిమాలో సొరచేపకీ పెట్టారు. అది మనుషుల్ని మింగుతూ క్షమాపణ అడుగుతున్నట్టుండేది.

ఆ చుక్కలన్నీ తుడిచే పని చిగుసా అనే కుర్ర ఆర్టిస్టుది. తుడుస్తూ ఆయన్ని తిట్టుకునేది. ఆ పిల్ల, ఒక సినిమా సగంలో ఉండగా, వేరే స్టూడియోవాళ్ళు తెరమీద పేరు పెద్దగా వేస్తామనగానే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. ఆమె వదిలేసిన బొమ్మలు మిగతావాళ్ళు పంచుకుని నానా తంటాలు పడి పూర్తి చేశారు. ఏడాది తిరక్కుండా ఆ కొత్త స్టూడియో మూతపడింది.

మళ్ళీ పని అడగడానికి చిగుసా మిఠాయి పెట్టె పట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే కాళ్ళు ఆగిపోయాయి. ఎదురుగా గోడమీద, సరదాకి ఒకరివొకరు గీసుకున్న బొమ్మలు. తన బొమ్మ చెరిపేసి ఉంటారనుకుంది. చెరపలేదు. కళ్ళకి మాత్రం దట్టంగా నల్లరంగు పూశారు, దాని మీద శనగగింజంత ఉబ్బిన తెల్ల చుక్కలు.

"నలుపు నేనే పూశాను," అన్నాడు ఇవామురా ముఖం గంటు పెట్టుకుని. "పొద్దున నేను పూస్తే మధ్యాహ్నానికి ఈయన చుక్క పెట్టేవారు. చివరికి నా రంగు డబ్బా అయిపోయింది."

చిగుసా నడుము విరిగేలా వంగి నమస్కరించింది. "తప్పయిపోయిందండీ," అంది.

మొమోసె గారు కాగితం మీంచి తలెత్తలేదు. "పొద్దున్నుంచీ ఏమైనా తిన్నావా అమ్మా?"

"లేదండీ. సహించలేదు."

"విన్నారా?" అన్నారాయన డైరెక్టరుతో.

ఇవామురా నిట్టూర్చి ఆమె పాత కుర్చీ లాగి వేశాడు. మిఠాయి పెట్టె తనే విప్పి మొదటిది ఆమె చేతిలో పెట్టాడు. బల్లమీద కొత్త విలన్ బొమ్మల కట్ట ఉంది, కళ్ళనిండా చుక్కలతో. చిగుసాకి కడుపు నిండిపోయింది. ఆ రోజు ఒక్క చుక్కా తుడవలేదు.