పసుప్పచ్చ కోటు కోసం ఆగిన పంటు

విబెకెకి కాలు ఒక చోట నిలవదని మా సముద్రపు పాయ ఒడ్డున తెలియనివాళ్ళు లేరు. ఇరుగుపొరుగు కాఫీకి పిలిస్తే రెండో కప్పు పోసేలోపే లేచి మొదటి కప్పులు కడుగుతూ ఉంటుంది. చర్చిలో ఫాదరీ ప్రసంగం సాగుతుంటే ఆమె చూపు తలుపు గొళ్ళెం మీదే. చిన్నప్పుడు తట్టు పోసి మంచాన పడితే, పిల్ల కదలకుండా ఉంటుందని తల్లి ఒక బకెట్ నిండా ప్లాస్టిక్ ఇటుకలు తెచ్చి ఇచ్చింది. కదలకుండానే ఉంది, నిజమే. కానీ కట్టిన ఇల్లు ఎవరి కంటా పడకముందే విప్పేసి ఇంకోటి మొదలుపెట్టేది. కట్టడం కంటే విప్పడమే ఆమెకు సరదా.

అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం చూడండి: పాయకు అవతల, బొమ్మ ఇటుకలతో ఊళ్ళకు ఊళ్ళు కట్టి నిలబెట్టే పార్కులో, మోడళ్ళు కట్టే పని. అక్కడ ప్రతి ఇటుకకూ జిగురు. ఒకసారి అతికితే మళ్ళీ ఊడదు.

రోజూ పని నుంచి ఇంటికి రావాలంటే, మనుషులనూ బళ్ళనూ పాయ దాటించే పంటు ఎక్కాలి. ఆ పంటు నడిపే సరంగు టోర్కిల్, తొందరన్నది తెలియని మనిషి. విబెకెకు మాత్రం రోజంతా తొందరే. ఒక్క ఇటుక, ఇంకొక్క ఇటుక అంటూ చివరి నిమిషం దాకా బల్ల వదలదు. ఆ తర్వాత సైకిల్ తోసుకుంటూ, పసుప్పచ్చ వానకోటు ఎగురుతుండగా రేవులోకి పరుగెత్తుకొచ్చేది. టోర్కిల్ ఆమె కోసమే ఆగుతున్నాడని ఎక్కినవాళ్ళందరికీ తెలుసు. అతను మాత్రం ముడి వేసి ఉన్న తాడుకే మళ్ళీ ముడి వేస్తూ, ఎటో చూస్తూ నిలబడేవాడు. వాళ్ళ ప్రేమకథంతా అంతే. ఒక ఏడాది ఎండాకాలంలో పెళ్ళయింది.

తర్వాత వంతెన వచ్చింది. ఊరంతా జెండాలు ఎగరేశారు. మా టోర్కిల్ ఇంటి ముందు జెండా కొయ్య మాత్రం ఖాళీగా ఉంది. వంతెన తెరిచిన రోజు సాయంత్రమే పంటు ఆఖరి ప్రయాణం. అవతలి రేవు నుంచి బ్యాండు మేళంతో బయలుదేరాలి, విబెకె పని ముగించుకుని అందులో ఎక్కాలి. ఆమె పని నుంచి బయటికొచ్చేసరికి పైన కొత్త వంతెన, నున్నటి రోడ్డు, వీపును తోస్తున్న గాలి. ఇంటికి ముందే చేరి వచ్చేవాళ్ళకు కాఫీ, కేకు సిద్ధం చేయొచ్చని తనకు తాను చెప్పుకుంది. సైకిల్ వంతెన మీదికి తిప్పింది.

టోర్కిల్ బాగా చీకటి పడ్డాక ఇంటికొచ్చాడు. టోపీ కొక్కేనికి తగిలించాడు, కేకు బాగుందన్నాడు. ఇంకేమీ అనలేదు. ఆమె కూడా అడగలేదు. అడగాలంటే ఒక చోట కూర్చోవాలి, అదేమో ఆమెకు చేతకాదు. ఆనాటి నుంచి టోర్కిల్ ఆ వంతెన ఎక్కలేదు. పంటి డాక్టరు దగ్గరికి పోవాలన్నా పాయ కొస దాకా చుట్టూ తిరిగి పోతాడు. భార్య పనిచేసే పార్కులో ఏముందో కూడా ఎన్నడూ చూడలేదు. ఊళ్ళోవాళ్ళు నవ్వుకున్నారు. ఆమెకు ఆ నవ్వు ముల్లులా గుచ్చుకునేది, ఇంకా తొందరగా నడిచేది.

ఈ చలికాలంలో పార్కులో మా పాయనే బొమ్మగా కట్టాలని నిర్ణయించారు. ఆమె పై అధికారి యెప్పె, వయసులో ఆమె కొడుకంతవాడు. వంతెన చాలన్నాడు, జనం వచ్చేది దాని మీంచేగా అన్నాడు. పంటు లేనిదే పాయ కాదని విబెకె అతని బల్ల చుట్టూ తిరిగి తిరిగి చెప్పింది. ఆమె తిరుగుడు భరించలేక చివరికి పంటు కూడా కట్టుకొమ్మన్నాడు.

కట్టడం తేలికే. కదిలించడం దగ్గరే చిక్కొచ్చింది. నీటి కింద మోటారు పెట్టి, చిన్న కంప్యూటరుకు ప్రోగ్రాం రాసింది: రేవులో ఇంతసేపు ఆగు, తర్వాత కదులు. ఎంతసేపని రాసినా, పక్కన నిలబడి చూస్తుంటే ఓపిక పట్టలేక తగ్గించేసేది. పంటు ఎప్పుడు చూసినా ఎవరో తరుముతున్నట్టే పోయేది. అలా కుస్తీ పట్టి పట్టి, ఒకరోజు ఆ లెక్కలన్నీ కొట్టేసింది. పసుప్పచ్చ కోటు వేసుకున్న బొమ్మను, సైకిల్‌తో సహా, రేవు మీది గాడిలో చిన్న మోటారుతో జారేటట్టు పెట్టింది. పంటు ముందు భాగంలో రంగు గుర్తుపట్టే సెన్సర్ పెట్టింది. పసుప్పచ్చ రంగు పంటు మీదికి వస్తేనే తలుపు లేస్తుంది, పంటు కదులుతుంది. అప్పటిదాకా ఆగాల్సిందే.

టోర్కిల్ ఆ పంటును చూడాలి. నోటితో చెప్పలేనిది అందులో కట్టింది మరి. చలికాలమంతా మూసి ఉన్న పార్కు మళ్ళీ తెరిచే శనివారం రమ్మని అడిగితే, అతను బంగాళాదుంప తొక్క తీస్తూ "చూద్దాం" అన్నాడు. మా వైపు చూద్దాం అంటే రానని అర్థం. ఆమె టీవీ వార్తల మధ్యలో మళ్ళీ అడిగింది, పక్క వేస్తూ మళ్ళీ అడిగింది.

"విబెకె, కాస్త కూర్చో," అన్నాడు టోర్కిల్.

పార్కు తెరవడానికి ముందురోజు, శుక్రవారం. ఆరుబయట నిలబడేదేదైనా అతికించి తీరాలి, లేకపోతే గాలీ సముద్రపు కాకులూ పిల్లలూ తలో చేయీ వేసి పట్టుకుపోతారు. కదిలేవాటికి మాత్రం జిగురు తగలకూడదు. పనివాళ్ళందరికీ మొదటి రోజే నేర్పే పాఠం అది. ఆమె జిగురు కుంచె పట్టుకుని రేవంతా కూర్చుంటూ లేస్తూ తిరిగింది. దీపస్తంభాలు, బెంచీలు, పెట్టెలు, చేపల బుట్టలు. చేయి ఇక్కడుంది, మనసు కాలుగాలిన పిల్లిలా ఇంటిచుట్టూ తిరుగుతోంది. వస్తాడా, రాడా?

శనివారం జల్లు పడుతున్నా జనం బాగానే వచ్చారు. వంతెన మీద బొమ్మ కార్లు బుద్ధిగా పరుగెత్తాయి. పంటు వచ్చి రేవుకు ఆనుకుని తలుపు దించింది. అంతే, ఇక కదల్లేదు. పిల్లలు గోల మొదలుపెట్టారు. యెప్పె ఆమె చెవిలో బ్యాటరీ పోయిందా అని గొణిగాడు. ఆమె కంచె దాటి వంగి చూసింది. గాడి కింద మోటారు గుర్రుమంటోంది. పసుప్పచ్చ కోటు మనిషి రేవు మీద పరుగెత్తే భంగిమలోనే ఉంది. కాళ్ళ దగ్గర గాజులా మెరుస్తూ జిగురు.

తన చేత్తో తనే అతికించింది. విబెకెకు ఆ నీళ్ళలోనే మునిగిపోవాలనిపించింది.

"పంటు ఎందుకు పోవట్లేదు?" అని ఒక పిల్ల ఎవరినో అడిగింది.

"ఆవిడ ఇంకా ఎక్కలేదుగా," అన్న గొంతు వినబడింది.

విబెకె తల ఎత్తింది. కంచె పక్కన టోర్కిల్, తలమీద పాత సరంగు టోపీ. చుట్టుదారిన పొద్దున్నే బయలుదేరి ఉంటాడు. అతను పంటును చూడటంలేదు, రేవు మీది మనిషినే చూస్తున్నాడు.

"ఆ రోజు బ్యాండువాళ్ళు తమకు వచ్చిన పాటలన్నీ వాయించేశారు," అన్నాడు మెల్లగా, ఆమెకు మాత్రమే వినబడేలా. "మళ్ళీ మొదటినుంచి వాయించారు. నేను తాడు విప్పలేదు."

"నేను వంతెన మీంచి పోయాను, టోర్కిల్. కాఫీ పెట్టాలని కాదు. ఆగలేకపోయాను."

"తెలుసు. కింది నుంచి కనబడింది నీ కోటు."

"కనబడిందా? మరి ఎందుకు ఆగావు?"

"సగం దాకా పోయి వెనక్కి తిరుగుతావేమోనని."

విబెకె ఏడ్చింది. అంతమంది ముందు, వానలో, సిగ్గుపడకుండా ఏడ్చింది. టోర్కిల్ కంచె మీంచి చేయి చాపి ఆమె భుజం పట్టుకున్నాడు. యెప్పె తెలివైనవాడు, పిల్లలను వంతెన వైపు తీసుకుపోయాడు.

తర్వాత ఆమె సన్నటి చాకు తెచ్చి బొమ్మ కాళ్ళ కింద దూర్చి, కొంచెం కొంచెంగా పెళ్ళగించింది. తొందరపడితే విరుగుతుందని టోర్కిల్ గొడుగు పట్టుకుని చెబుతూనే ఉన్నాడు. చివరికి ఊడింది. గాడిలో గీత పడింది, బొమ్మ కాస్త కుంటుతూ జారి పంటు ఎక్కింది. తలుపు లేచింది. పంటు కదిలి అవతలి ఒడ్డుకు పోయేదాకా ఇద్దరూ చూశారు.

సాయంత్రం ఆమె సైకిల్‌ను పార్కులోనే వదిలేసి అతని కారెక్కింది. దారి చీలే చోట టోర్కిల్ కారు నెమ్మదించి వంతెన వైపు తిరుగుతున్నట్టు సిగ్నల్ దీపం వేశాడు. అతని చేతులు స్టీరింగును గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"వద్దు," అంది విబెకె. "చుట్టూ తిరిగి పోదాం."

"గంట పైనే పడుతుంది."

"పడనీ."

అతను దీపం ఆర్పి కారు చుట్టుదారికి తిప్పాడు. పాయ కొస దాకా ఆమె ఒక్కసారి కూడా గడియారం చూడలేదు. మోకాలు మాత్రం దారంతా ఊగుతూనే ఉంది.